నెట్ ఆగిపోయిన పాత కంప్యూటర్: ఫార్మాట్ కొట్టకుండా, పాడైన నెట్‌వర్క్ ఫైలు ఒక్కటే బాగుచేసుకోవడం ఎలా?

ఒంగోలు, కందుకూరు, కావలి, ఈ చుట్టుపక్కల ఏ ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్లినా మూలన ఒక పాత కంప్యూటర్ కనపడుతుంది. అందులో విండోస్ 7, కొన్నిచోట్ల ఇంకా ఎక్స్‌పీ. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసిన పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అన్నీ దాంట్లోనే. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలను తూచే వేబ్రిడ్జిల దగ్గర సంగతీ ఇంతే. కాటా నుంచి వచ్చే సీరియల్ కేబులు తగిలించడానికి కొత్త కంప్యూటర్లలో పోర్టే ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్ వేసిచ్చిన మనిషి ఊళ్లో ఉన్నాడో లేడో కూడా ఓనరుకు తెలియదు.

అలాంటి కంప్యూటర్‌లో ఒకరోజు నెట్ ఆగిపోతుంది. కేబులు మారుస్తారు, రూటర్ ఆపి మళ్లీ వేస్తారు, ఫలితం ఉండదు. "అన్నా, నెట్టు రావటంలా, ఫార్మాట్ కొట్టేద్దామా?" అని ఫోను వస్తుంది.

కొట్టొద్దు. ఫార్మాట్ చేస్తే నెట్ వస్తుంది, నిజమే. కానీ సీడీ దొరకని సాఫ్ట్‌వేరూ, కష్టపడి కుదుర్చుకున్న ఫాంట్ల అమరికా, కాటా సెట్టింగులూ పోతాయి. పాడైంది చాలాసార్లు ఒకటో రెండో ఫైళ్లు. వాటి మంచి కాపీ కూడా తరచుగా అదే కంప్యూటర్‌లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుని పెట్టడమే పని.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా విండోస్ 7 పద్ధతి. ఎక్స్‌పీలో తేడాలు విడిగా చెప్తాను. కమాండ్లను ఫోనులో చెప్పుకున్నట్టు పలికే తీరులో రాశాను. మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. స్లాష్ అంటే ప్రశ్న గుర్తు మీట మీదుండే గీత. బ్యాక్‌స్లాష్ అంటే ఎంటర్ మీటకు దగ్గర్లో ఉండే, వెనక్కి వాలిన గీత. పదానికీ పదానికీ మధ్య స్పేస్ ఇవ్వండి, స్లాష్‌కు ముందు కూడా.

ముందు డేటా బయటికి తీయండి

నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్ పనిచేస్తుంది కదా. పేజ్‌మేకర్ ఫైళ్లు, ట్యాలీ డేటా, కాటా సాఫ్ట్‌వేర్ ఫోల్డరు మొత్తం, ఫాంట్స్ ఫోల్డరు, అన్నీ కాపీ చేసుకోండి. సిస్టమ్ ఫైలు పాడైందంటే హార్డ్ డిస్కే పోయే దారిలో ఉండొచ్చు. మనం చేసే రిపేరులో గంటల తరబడి డిస్కు చదివించే పనులున్నాయి. బలహీనంగా ఉన్న డిస్కు ఆ పనిలోనే ఆగిపోవచ్చు. డేటా చేతిలో లేకుండా ఒక్క కమాండు కూడా కొట్టకండి.

కాపీ చేస్తుంటే కొన్ని ఫైళ్ల దగ్గర కంప్యూటర్ నిలబడిపోతున్నా, డిస్కు నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తున్నా రిపేరు సంగతి ఆపేసి, డిస్కు ముచ్చట చెప్పిన చివరి భాగానికి వెళ్లండి.

లోపం కంప్యూటర్‌దేనా?

కింది వాటిని వరసగా చూడండి. పది నిమిషాలు పట్టదు, కానీ సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

కింద కుడి మూలన తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే తేదీ ఏ 2009కో వెళ్లిపోతుంది. తేదీ తప్పుంటే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు, సర్టిఫికెట్ ఎర్రర్ అని ఆపేస్తుంది. దాన్నే జనం "నెట్ రావట్లేదు" అంటారు. సీఆర్ 2032 బ్యాటరీ కొత్తది వేసి, తేదీ సరిచేస్తే చాలు. ఏ ఫైలూ ముట్టుకోనక్కర్లేదు.

తర్వాత ల్యాన్ పోర్టు. టార్చి వేసి లోపలికి చూడండి. కొత్తపట్నం, సింగరాయకొండ, కృష్ణపట్నం వైపు సముద్రపు గాలి తగిలే షాపుల్లో ఆ ఎనిమిది పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కేబులు పెట్టగానే లైటు వెలిగి, కొంచెం కదిపితే ఆరిపోతుంటే లోపం అక్కడే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్న బ్రష్షుతో, కరెంటు తీసేసి, తుడవండి. పోకపోతే చిన్న ల్యాన్ కార్డు గానీ, యూఎస్‌బీ ల్యాన్ ముక్క గానీ వేసుకోండి.

పోర్టు బాగుంటే అదే కేబులు తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టండి. అక్కడ నెట్ వస్తే రూటరూ కేబులూ మంచివే.

ఇక అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష. ఫోనును యూఎస్‌బీ కేబులుతో కంప్యూటర్‌కు కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ కార్డుగా తీసుకుని నెట్ వచ్చేస్తే, మీ ల్యాన్ కార్డో దాని డ్రైవరో చెడింది. టెథరింగ్ కనెక్ట్ అయినట్టు చూపించీ నెట్ రాకపోతే, లోపం కార్డుకు పైనున్న విండోస్ ఫైళ్లలో ఉన్నట్టు. మన పని అక్కడ మొదలవుతుంది.

ఎక్కడ తెగిందో పట్టుకోవడం

కాలవ చివరి పొలానికి నీళ్లు రాకపోతే తూము దగ్గర మొదలుపెట్టి ఒక్కో మలుపూ చూసుకుంటూ వస్తాం. ఇదీ అంతే. నెట్ అనేది విండోస్‌లో కొన్ని ఫైళ్లను వరసగా దాటుకుంటూ వస్తుంది. కార్డుతో మాట్లాడేది ఎన్‌డీఐఎస్.సిస్. దాని పైన అసలు రవాణా చూసేది టీసీపీఐపీ.సిస్. ఆ పైన ఏఎఫ్‌డీ.సిస్, బ్రౌజర్ లాంటి ప్రోగ్రాములు విన్‌సాక్ (ప్రోగ్రాములను నెట్‌కు కలిపే విండోస్ భాగం) ద్వారా అడిగినదాన్ని కిందికి చేరవేసేది ఇదే. పక్కన టీడీఎక్స్.సిస్, నెట్‌బీటీ.సిస్, ఎన్ఎస్ఐప్రాక్సీ.సిస్ ఉంటాయి. సిస్ అంటే ఎస్, వై, ఎస్. ఇవన్నీ సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్ ఫోల్డరులో ఉంటాయి.

స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, పైన వచ్చిన దానిమీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్ల తెర వస్తుంది. మొదటి కమాండు:

పింగ్ 127.0.0.1

ఇది బయటికి పోదు, కంప్యూటర్ తనను తానే పలకరించుకోవడం. కేబులు పీకేసినా రిప్లై రావాలి. నాలుగు రిప్లైలు వస్తే టీసీపీఐపీ బతికే ఉంది. "జనరల్ ఫెయిల్యూర్" అని వస్తే టీసీపీఐపీ గానీ దాని చుట్టూ ఉన్నవి గానీ దెబ్బతిన్నాయి. ఎక్స్‌పీలో ఇదే లోపానికి "అనేబుల్ టు కాంటాక్ట్ ఐపీ డ్రైవర్, ఎర్రర్ కోడ్ 2" అని చూపిస్తుంది. "విండోస్ సాకెట్స్ ఇంటర్‌ఫేస్ ఇనీషియలైజ్ చేయలేకపోయాను" అన్న అర్థంలో ఎర్రర్ వస్తే విన్‌సాక్ చెడింది.

రెండోది:

ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్

ఇక్కడ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ రాలేదన్నమాట. ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ అని కొట్టి చూడండి. "సాకెట్ కాని దానిమీద ఆపరేషన్ చేయబోయారు" అన్నట్టు ఇంగ్లీషులో వాక్యం వస్తే, అది విన్‌సాక్ పాడైందని చెప్పే పాత గుర్తు. ఇది కనపడితే నా అనుభవంలో ఫైలు మార్చే దాకా పోవాల్సిన పని చాలా తక్కువ, రీసెట్‌తోనే పోతుంది.

అడ్రస్ సరిగానే ఉంటే పింగ్ 8.8.8.8 కొట్టండి, అది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. రిప్లై వచ్చి, బ్రౌజర్‌లో మాత్రం సైట్లు తెరుచుకోకపోతే సిస్టమ్ ఫైళ్లను అనుమానించకండి. డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది), బ్రౌజర్ ప్రాక్సీ సెట్టింగు, డ్రైవర్స్ ఫోల్డరులోని ఈటీసీలో ఉండే హోస్ట్స్ ఫైలు, ఈ మూడూ చూడండి. వైరస్‌లు హోస్ట్స్‌లో యాంటీవైరస్ సైట్ల పేర్లు రాసి అవి తెరుచుకోకుండా చేస్తాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ముందు హ్యాష్ గుర్తు లేకుండా మీకు తెలియని పేర్లు కనపడితే ఆ వరసలు తీసేయండి.

127.0.0.1 దగ్గరే తెగితే ఇవి కొట్టండి:

ఎస్‌సీ క్వెరీ టీసీపీఐపీ
ఎస్‌సీ క్వెరీ ఏఎఫ్‌డీ
ఎస్‌సీ క్వెరీ టీడీఎక్స్

స్టేట్ అన్న వరసలో 4, రన్నింగ్ అని ఉండాలి. 1, స్టాప్డ్ అని ఉన్న చోట మీ దొంగ దొరికాడు. ఏఎఫ్‌డీ ఆగి ఉంటే నెట్ స్టార్ట్ ఏఎఫ్‌డీ అని కొట్టండి. వచ్చే ఎర్రర్ నంబరు చాలా చెబుతుంది. 2 అంటే ఫైలు ఆ చోట లేదు. 577 అంటే ఫైలు ఉంది గానీ దాని డిజిటల్ సంతకం సరిపోవట్లేదు, అంటే లోపల మారిపోయింది. పైన ఎస్‌సీ క్వెరీ దగ్గరే 1060 వస్తే ఫైలు సంగతి పక్కనపెట్టండి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఆ సర్వీసు ఎంట్రీయే లేదు. 1068 అంటే మీరు అడిగిన దానికి ఆధారంగా ఉన్న ఇంకోటి లేవలేదు. రూటర్ నుంచి అడ్రస్ తెచ్చే డీహెచ్‌సీపీ క్లయింట్ సర్వీసు 1068 చూపిస్తే తప్పు దానిది కాదు, కింద ఉన్న ఏఎఫ్‌డీ, టీడీఎక్స్, ఎన్ఎస్ఐలలో ఒకదానిది.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ కింద 7026 నంబరున్న ఎర్రర్ వెతకండి. బూట్ సమయంలో లోడ్ కాని డ్రైవర్ల పేర్లు అందులో ఉంటాయి. ఫైలు పేరు ఒక కాగితం మీద రాసుకోండి. ఇక్కడి నుంచి ఊహతో పని లేదు.

తేలికైన మందులు ముందు

రన్‌లో ఆర్ఎస్‌టీఆర్‌యూఐ అని కొట్టితే సిస్టమ్ రీస్టోర్ వస్తుంది. నెట్ పనిచేసిన రోజు నాటి రీస్టోర్ పాయింట్ ఉంటే దానికి వెళ్లండి. సిస్టమ్ ఫైళ్లనూ రిజిస్ట్రీనీ ఆనాటి స్థితికి తెస్తుంది, మీ డాక్యుమెంట్లను ముట్టుకోదు. ఆ తేదీ తర్వాత వేసిన సాఫ్ట్‌వేర్ మాత్రం మళ్లీ వేసుకోవాల్సి రావొచ్చు. 1060 ఎర్రర్ వచ్చినవాళ్లకు ఇది అన్నిటికన్నా సుళువైన దారి. రీస్టోర్ పాయింటే లేకపోతే, అదే విండోస్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, సర్వీసెస్ కింద ఆ పేరున్న కీని ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చి, ఇక్కడ కలిపి, రీస్టార్ట్ చేయండి.

తర్వాత విన్‌సాక్. పాత యాంటీవైరస్, టూల్‌బార్లు, వీపీఎన్‌లు విన్‌సాక్ కేటలాగులో తమ డీఎల్ఎల్ ఫైళ్లను దూరుస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను సగం సగం తీసేసినప్పుడు పేరు ఉంటుంది, ఫైలు ఉండదు. గొలుసు అక్కడ తెగుతుంది. రెండు కమాండ్లు:

నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్
నెట్‌ఎస్‌హెచ్ ఇంట్ ఐపీ రీసెట్

రెండో దానికి ముందు ఒక్క జాగ్రత్త. మీ కంప్యూటర్‌కు చేత్తో ఇచ్చిన ఐపీ అడ్రస్ ఉంటే ఐపీ, సబ్‌నెట్, గేట్‌వే (రూటర్ అడ్రస్), డీఎన్ఎస్ నాలుగూ రాసిపెట్టుకోండి. ఆ కమాండు వాటిని తుడిచేస్తుంది. రైసు మిల్లుల్లో, ప్రెస్సుల్లో ప్రింటర్ షేరింగ్ కోసం ఇలా ఇచ్చి ఉంటారు. నెట్ వచ్చాక ప్రింటర్ పోయిందని మళ్లీ తల పట్టుకుంటారు. తర్వాత రీస్టార్ట్ చేయండి, చేయకుండా ఫలితం చూడొద్దు.

ఎస్‌ఎఫ్‌సీతో తనిఖీ

నెట్ ఇంకా సరిగా రాకపోతే, విండోస్ తన సిస్టమ్ ఫైళ్లను తానే తనిఖీ చేసుకునే కమాండు ఒకటుంది. అదే నల్ల తెరలో:

ఎస్‌ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ

పాత డిస్కుల మీద అరగంటైనా పడుతుంది. మధ్యలో కరెంటు పోకూడదు, యూపీఎస్ బ్యాటరీ మీద నమ్మకం లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకుని మొదలుపెట్టండి. చివర్లో మూడు మాటల్లో ఒకటి వస్తుంది. ఏ లోపమూ లేదని చెబితే ఫైళ్లు మంచివే, ల్యాన్ డ్రైవరో విన్‌సాకో మళ్లీ చూసుకోవాలి. పాడైనవి దొరికాయి, బాగుచేశాను అంటే రీస్టార్ట్ చేయండి. దొరికాయి గానీ కొన్ని బాగుచేయలేకపోయాను అంటే విండోస్, లాగ్స్, సీబీఎస్ ఫోల్డరులో సీబీఎస్ అనే లాగ్ ఫైలును డెస్క్‌టాప్‌కు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, "కెనాట్ రిపేర్" అనే ఇంగ్లీషు మాట కోసం వెతకండి. ఏ ఫైలు బాగుపడలేదో పేరుతో సహా ఉంటుంది.

ఎందుకు బాగుచేయలేకపోతుందో తెలుసుకుంటే తర్వాతి అడుగు ఎటో అర్థమవుతుంది. విండోస్ 7లో సిస్టమ్ ఫైళ్ల గోదాము విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డరు. డ్రైవర్స్ ఫోల్డరులో మీకు కనపడే టీసీపీఐపీ.సిస్, గోదాములోని టీసీపీఐపీ.సిస్ రెండు వేర్వేరు కాపీలు కావు. డిస్కు మీద ఉన్నది ఒకటే ఫైలు, రెండు చోట్ల రెండు పేర్లతో కనపడుతోంది. యాంటీవైరస్ డ్రైవర్స్‌లోని పేరును తీసేస్తే గోదాములోది మిగులుతుంది, ఎస్‌ఎఫ్‌సీ తెచ్చి పెట్టేస్తుంది. కానీ కరెంటు పోయినప్పుడో, డిస్కులో బ్యాడ్ సెక్టర్ వచ్చో ఆ ఫైలు ఉన్న చోటే దెబ్బతింటే రెండు పేర్లూ పాడైన దాన్నే చూపిస్తాయి. ఎస్‌ఎఫ్‌సీ ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే చేతులెత్తేస్తుంది. అలాంటప్పుడు మంచి కాపీ మనమే ఇవ్వాలి.

జీరోయాక్సెస్ లాంటి పాత రూట్‌కిట్లు (విండోస్ లోపల దాక్కునే వైరస్‌లు) ఇలాంటి డ్రైవర్ ఫైళ్లలోకే దూరేవి. యాంటీవైరస్ వాటిని శుభ్రం చేస్తూ ఫైలునే తీసేస్తే ఆ క్షణం నుంచి నెట్ పోయేది. మీ కంప్యూటర్‌లో వైరస్ దొరికిందన్న మెసేజ్ తర్వాతే నెట్ పోయి ఉంటే, ఫైలు మార్చేముందు ఇంకో కంప్యూటర్‌లో తయారుచేసిన యాంటీవైరస్ రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పూర్తిగా స్కాన్ చేయండి. లేకపోతే పెట్టిన కొత్త ఫైలూ అదే దారి పడుతుంది.

మంచి కాపీ ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీ కంప్యూటర్‌లోనే. నల్ల తెరలో:

వేర్ స్లాష్ ఆర్ సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్ బ్యాక్‌స్లాష్ విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, స్పేస్, టీసీపీఐపీ.సిస్

అప్‌డేట్లు పడిన కంప్యూటర్‌లో అదే ఫైలు పాత వెర్షన్లు వేర్వేరు ఫోల్డర్లలో కనపడతాయి. ఫోల్డరు పేరు ఎక్స్86తో మొదలైతే 32 బిట్, ఏఎండీ64తో మొదలైతే 64 బిట్. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నా 64 బిట్ విండోస్‌లో పేరు ఏఎండీ64 అనే ఉంటుంది, కంగారుపడొద్దు. పేరు మధ్యలో 6.1.7601 అని ఉంటే అది విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1. ఆ ఫైళ్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. మంచి ఫైలుకు వెర్షన్, కంపెనీ పేరు, సైజు అన్నీ ఉంటాయి. పాడైన దానికి ఆ ట్యాబ్ ఖాళీగా ఉండొచ్చు, లేదా సైజు సున్నా ఉండొచ్చు. పాడైనదాని వెర్షన్‌కు దగ్గరగా ఉన్న మంచిదాన్ని ఎంచుకోండి.

ఇక్కడ లేకపోతే, అదే విండోస్ 7, అదే సర్వీస్ ప్యాక్, అదే బిట్ ఉన్న ఇంకో కంప్యూటర్. పక్క షాపులో అడగండి, ఈ జిల్లాల్లో ఆ కంప్యూటర్లకు ఇంకా కరువు లేదు. అదీ కుదరకపోతే విండోస్ డీవీడీ. సోర్సెస్ ఫోల్డరులో ఇన్‌స్టాల్.విమ్ అనే పెద్ద ఫైలుంటుంది. దాన్ని 7-జిప్‌తో తెరిచి లోపల విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్‌లోకి వెళ్తే కావలసినది ఉంటుంది. సర్వీస్ ప్యాక్ 1 డీవీడీలోవి 6.1.7601.17514 వెర్షన్. మీ కంప్యూటర్‌కు తర్వాతి అప్‌డేట్లు పడి ఉంటే టీసీపీఐపీ.సిస్ ఒక్కదాన్నే పాతది పెట్టకండి. నెట్‌ఐఓ.సిస్, ఎఫ్‌డబ్ల్యూపీకేసీఎల్‌ఎన్‌టీ.సిస్ దానితో కలిసే అప్‌డేట్ అవుతుంటాయి. మూడూ ఒకే చోటి నుంచి తెచ్చి ఒకేసారి మార్చండి. వెర్షన్లు కలవకపోతే నీలం తెర పడే ప్రమాదం ఉంది.

ఇంటర్నెట్‌లో ఫైలు పేరు కొట్టగానే ఉచితంగా డౌన్‌లోడ్ ఇస్తామనే సైట్లు వరసకడతాయి. వాటి జోలికి పోవద్దు. ఇది కెర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో, నడిచే ఫైలు, మీ కంప్యూటర్ తాళాలన్నీ దాని చేతిలో ఉంటాయి. ఎవరు మార్చారో తెలియని ఫైలును అక్కడ పెట్టడం కన్నా ఫార్మాట్ కొట్టుకోవడం మేలు.

ఫైలు మార్చడం

నడుస్తున్న విండోస్‌లో ఈ ఫైళ్లను మార్చాలంటే అనుమతుల గొడవ చాలా ఉంది. టేక్‌ఓన్, ఐసీఏసీఎల్ఎస్ కమాండ్లతో అనుమతులు మార్చి చేయొచ్చు గానీ నేను ఎవరికీ చెప్పను. విండోస్‌ను నిద్ర లేపకుండానే మార్చడం సుళువు.

మంచి ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని కంప్యూటర్‌కు తగిలించండి. ఆన్ చేసి, విండోస్ బొమ్మ రాకముందే ఎఫ్8 మీటను వదలకుండా టకటకా నొక్కండి. వచ్చిన లిస్టులో రిపేర్ యువర్ కంప్యూటర్ ఎంచుకోండి. అది లేకపోతే విండోస్ డీవీడీతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నౌ నొక్కకుండా కింద ఎడమన ఉన్న రిపేర్ మాటను నొక్కండి. యూజర్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. చివరి లిస్టులో కమాండ్ ప్రాంప్ట్ ఉంటుంది.

నల్ల తెరలో పొడుగాటి ఫోల్డరు పేర్లు కొట్టనక్కర్లేదు. నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఫైల్ టైపు దగ్గర ఆల్ ఫైల్స్ పెట్టండి, లేకపోతే మీ ఫైలు కనపడదు. ఎడమవైపు కంప్యూటర్ మీద నొక్కితే డ్రైవులన్నీ కనిపిస్తాయి. ఆ చిన్న డబ్బాలోనే రైట్ క్లిక్‌తో కాపీ, పేస్ట్, రీనేమ్ అన్నీ పనిచేస్తాయి.

ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. ఈ తెరలో మీ విండోస్ సీ డ్రైవులో ఉండకపోవచ్చు. సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే వంద ఎంబీల చిన్న భాగానికి సీ అక్షరం వచ్చి, అసలు విండోస్ డీలో కనపడుతుంది. యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లు ఏ డ్రైవులో ఉన్నాయో చూసుకున్నాకే ముందుకెళ్లండి.

ఆ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్ తెరవండి. పాడైన ఫైలును డిలీట్ చేయొద్దు, పేరు చివర సిస్ బదులు ఓల్డ్ అని మార్చండి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి మంచిదాన్ని కాపీ చేసి అక్కడ పేస్ట్ చేయండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. కొన్నిసార్లు కాపీ చేసిన ఫైలు పేరు చివర "కాపీ" అని తగులుతుంది, చూసుకోండి. నోట్‌ప్యాడ్ మూసేసి రీస్టార్ట్ చేయండి.

నీలం తెర వస్తే భయపడొద్దు. మళ్లీ ఎఫ్8, మళ్లీ నోట్‌ప్యాడ్, కొత్తదాన్ని తీసేసి ఓల్డ్‌ను మళ్లీ సిస్ చేస్తే మొదటికొచ్చినట్టే. పాతదాన్ని డిలీట్ చేయొద్దన్నది ఇందుకే.

మామూలుగా లేస్తే 127.0.0.1కి పింగ్, తర్వాత గేట్‌వేకి, తర్వాత 8.8.8.8కి. మూడూ రిప్లై ఇస్తే ఎస్‌ఎఫ్‌సీ ఇంకోసారి నడపండి. ఒక ఫైలు పాడైన చోట పక్కది కూడా పాడై ఉండొచ్చు.

ఎక్స్‌పీ ఉన్నవాళ్లకు

ఎక్స్‌పీలో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ గోదాము మీద ఆధారపడొద్దు. అక్కడ మంచి కాపీలు మూడు చోట్ల దొరుకుతాయి: సిస్టమ్32లో దాచి ఉంచిన డీఎల్ఎల్‌క్యాష్ ఫోల్డరు, విండోస్‌లో సర్వీస్‌ప్యాక్‌ఫైల్స్ కింద ఐ386, విండోస్ సీడీలోని ఐ386. సీడీలో ఫైళ్లు నొక్కిపెట్టి ఉంటాయి, పేరు చివరి అక్షరం బదులు కింది గీత ఉంటుంది. వాటిని ఎక్స్‌పాండ్ కమాండుతో విప్పాలి. మీ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 అయి, సీడీ సర్వీస్ ప్యాక్ 2ది అయితే సీడీ ఫైలు వాడొద్దు. సర్వీస్‌ప్యాక్‌ఫైల్స్‌లోదే సరైనది. సర్వీస్ ప్యాక్ 3 ఫైళ్ల వెర్షన్ 5.1.2600.5512తో ఉంటుంది, తర్వాతి అప్‌డేట్ పడిన ఫైలైతే చివరి అంకె ఇంకా పెద్దది.

ఫైలును మార్చేటప్పుడు ముందు డీఎల్ఎల్‌క్యాష్‌లో పెట్టి, తర్వాతే డ్రైవర్స్‌లో పెట్టండి. వరస తప్పితే ఎక్స్‌పీ తన దగ్గరున్న పాడైన కాపీనే మళ్లీ తెచ్చి పెట్టేస్తుంది. నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్ ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 2 నుంచే ఉంది.

ఇంకో సంగతి. సర్వీస్ ప్యాక్ 2 ఒకేసారి సగంలో ఉండగలిగే కనెక్షన్లను పదికి కుదించింది. టొరెంట్లు వేగంగా రావాలని అప్పట్లో చాలామంది టీసీపీఐపీ.సిస్‌ను ప్యాచ్ చేసేవారు. మీ కంప్యూటర్‌లో అలాంటిది ఉంటే ఇప్పుడైనా అసలు ఫైలు పెట్టేయండి.

నెట్ వచ్చాక ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు వదిలేయకండి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగింది, విండోస్ 7కు 2020 జనవరి 14న. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై అనే వైరస్ ఫైల్ షేరింగ్ దారి గుండానే ఒక పాత కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. కాటా కంప్యూటర్‌కు బిల్లు పంపడం వరకే నెట్‌వర్క్ కావాలంటే, దానికి గేట్‌వే అడ్రస్ ఇవ్వకుండా ఖాళీగా వదిలేయండి. పక్క కంప్యూటర్, ప్రింటర్ కనపడతాయి, ఇంటర్నెట్ ఉండదు.

మళ్లీ అదే ఫైలు పాడైతే

వారం పది రోజుల్లో మళ్లీ నెట్ పోయిందంటే ఫైలును నిందించి లాభం లేదు. దాన్ని పాడుచేస్తున్నదేదో ఉంది.

మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాన్లు వచ్చినప్పుడు కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోతుంది. డిస్కు మీద రాస్తుండగా ఆరిపోయిన కంప్యూటర్‌లో ఫైళ్లు ఇలాగే చెడతాయి. యూపీఎస్‌ను పరీక్షించడానికి ఫైళ్లన్నీ మూసేసి, గోడ స్విచ్చి ఆపి చూడండి. రెండు నిమిషాలు కూడా నిలవకపోతే లోపలి 12 వోల్టుల బ్యాటరీ మార్చండి. వాన, ఉరుములున్న రోజుల్లో షాపు మూసేటప్పుడు ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబులూ పీకేయండి.

తర్వాత ర్యామ్. రన్‌లో ఎండీషెడ్ (ఎం, డీ, ఎస్, సీ, హెచ్, ఈ, డీ) అని కొట్టితే మెమరీ పరీక్ష వస్తుంది. ఎర్రర్ చూపిస్తే కరెంటు తీసి, ర్యామ్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టండి. అప్పటికీ తప్పితే ఆ ముక్క మార్చాల్సిందే. చెడ్డ ర్యామ్ ఉన్నంతకాలం మంచి ఫైలును కాపీ చేసినా చెడ్డదే పడుతుంది.

చివరికి డిస్కు. నల్ల తెరలో:

డబ్ల్యూఎంఐసీ డిస్క్‌డ్రైవ్ గెట్ స్టేటస్

ఓకే అని రావాలి. ప్రెడ్ ఫెయిల్ అని వస్తే డిస్కు తన చావును తానే చెబుతోంది. ఓకే అన్నా అనుమానం ఉంటే చెక్‌డిస్క్ (సీ, హెచ్, కే, డీ, ఎస్, కే) సీ కోలన్ స్లాష్ ఆర్ కొట్టి, రాత్రి యూపీఎస్ మీద వదిలేయండి. పొద్దున రిపోర్టులో బ్యాడ్ సెక్టర్లు ఎన్ని కేబీలని చూపిస్తుంది. సున్నా కాకపోతే ఆ డిస్కుతో ఇక ఆటలు వద్దు.

అలాంటప్పుడు కూడా ఫార్మాట్ అక్కర్లేదు. పాతదానికి సమానమైన లేదా పెద్ద సైజున్న ఎస్‌ఎస్‌డీ తెచ్చి, క్లోన్‌జిల్లా (డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి కాపీ చేసే ప్రోగ్రాము) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్కు నుంచి డిస్కుకు క్లోన్ చేయండి. బ్యాడ్ సెక్టర్లున్న డిస్కైతే అందులో రెస్క్యూ ఆప్షన్ పెట్టాలి, లేకపోతే మొదటి చెడ్డ చోటనే ఆగిపోతుంది. ఏది పాతది, ఏది కొత్తది అన్నది మోడల్ పేరు, సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి. తిరగేసి ఎంచుకుంటే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది. క్లోన్ అయ్యాక ఎస్‌ఎస్‌డీతో బూట్ చేసి ఎస్‌ఎఫ్‌సీ నడపండి, పాడైన ఫైళ్లు ఇక్కడికీ వచ్చి ఉంటాయి కాబట్టి వాటిని పైన చెప్పినట్టే మార్చండి. పాత డిస్కు మీద తేదీ రాసి, కొత్తదాంట్లో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకుని ప్రింటు పడేదాకా, కాటా బిల్లు సరిగా వచ్చేదాకా దాన్ని పక్కన ఉంచండి.